బిలియర్డ్సు గదిలోంచి వచ్చిన బల్ల



ఈవేళ మీతో ఒక బల్ల గురించి మాట్లాడదామని వచ్చాను. "వంటల గురించో పిల్లల గురించో చెప్పక, ఈవిడ బల్ల గురించి చెబుతుందేమిటి?" అనుకోకండి. మీ అటక మీదో, పెరటి వసారాలోనో ఇలాంటి వస్తువు ఒకటి ఉండే ఉంటుంది. అది ఎక్కణ్ణించి వచ్చిందో మనకి తెలీదు. తెలీక మనం చేసే పనులు కొన్ని ఉంటాయి. మా ఇంట్లో చేసింది ముందు చెప్పేస్తాను.

మాది పాత గాజువాక. మావారు ఉక్కు కర్మాగారంలో పనిచేసి రిటైరయ్యారు. మా వరండాలో ఆరడుగుల పొడుగున్న టేకుబల్ల ఒకటుంది. వెనక ఆనుకునే వీపూ, రెండు పక్కలా చేతులూ ఉన్నాయి. మావారి తాతగారు వాల్తేరులో ఒక జమీందారుగారి బంగళాలో గుమాస్తాగా ఉండేవారు. జమీందారీలు పోయాక ఆ బంగళా సామాన్లు వేలం వేస్తే ఆయన ఈ బల్లని పాడుకుని, ఎడ్లబండి మీద గాజువాక తెచ్చుకున్నారట. నేను కాపరానికి వచ్చేనాటికే అది వరండాలో ఉంది. అయితే అదేం బల్లో గాని, మామూలు బెంచీ కంటే జానెడు ఎత్తు. ఎవరు కూచున్నా కాళ్ళు నేలకి ఆనవు. ఇంటికొచ్చిన పెద్దమనిషి దాని మీద కూచుని చంటిపిల్లాడిలా కాళ్ళు ఊపుకోవలసిందే! పైగా చేతుల చివర అర్ధచంద్రాకారంలో గాడులు తొలిచి ఉన్నాయి. గొడుగులు ఆనించుకోడానికేమో అనుకునేవాళ్ళం.

1985లో మా అమ్మాయి రెండేళ్ళ పిల్ల. ఆ బల్ల మీంచి పడి గెడ్డం చిట్లి రెండు కుట్లు పడ్డాయి. మర్నాడే వడ్రంగిని పిలిపించి నాలుగు కాళ్ళూ జానెడేసి కోయించేశాను. కోసిన ముక్కలు నీళ్ళకాగు కిందకి వెళ్ళాయి. పీడా వదిలిందనుకున్నాను.

తరవాత ఎన్నో ఏళ్ళకి, ఒక సంక్రాంతికి మా మేనల్లుడు వచ్చాడు. స్నూకరు బాగా ఆడతాడు. వరండాలో కాలు పెడుతూనే, "అత్తా! ఇది బిలియర్డ్సు గది బల్లే! ఈ గాడుల్లో క్యూ కర్రలు ఆనించేవారు. మరి దీని కాళ్ళేవీ?" అన్నాడు. ఏం చెప్పను? నీళ్ళు కాచుకున్నామని చెప్పాను.

అప్పటినుంచీ నాకు పట్టుదల పుట్టింది. అసలీ బిలియర్డ్సు గది అంటే ఏమిటి, ఆ సామానంతా మన తీరానికి ఎలా వచ్చింది, ఎలా చెదిరిపోయింది అని చదవడం, అడగడం మొదలుపెట్టాను. అందులో కొంత మీతో చెబుతాను.

బిలియర్డ్సు ఆట యూరపులో చాలా పాతది. మొదట్లో ఆడవాళ్ళూ ఆడేవారు. స్కాట్లండు రాణి మేరీ ఇంగ్లండులో బందీగా ఉండగా, 1576లో, తన బిలియర్డ్సు బల్ల తీసేశారని ఉత్తరంలో మొత్తుకుంది. కాని పందొమ్మిదో శతాబ్దం వచ్చేసరికి ఇది మగవాళ్ళ గది అయి కూచుంది. భోజనాలయ్యాక ఆడవాళ్ళు ఒకవైపు, మగవాళ్ళు చుట్టలు తీసుకుని బిలియర్డ్సు గదివైపు. ఇంటావిడకి ఆ గది తుడిపించే పని తప్ప ప్రవేశం లేదన్నమాట.

ఆ గదిలో సామాను చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. నడిమధ్యన పెద్దబల్ల. పన్నెండడుగుల పొడుగు, ఆరడుగుల వెడల్పు, ఎనిమిది కాళ్ళు. పైకి పచ్చబనాతు కనిపిస్తుంది గాని, దాని కింద ఉన్నది చెక్క కాదండీ, పలకరాయి. అయిదు రాతి పలకలు ఒకదాని పక్కన ఒకటి అతికించి, వెంట్రుకవాసి ఎగుడుదిగుడు లేకుండా అమరుస్తారు. లండనులో జాన్ థర్స్టన్ అనే ఆయన 1799లో కుర్చీలూ బీరువాలూ చేసే దుకాణం పెట్టి, తరవాత బిలియర్డ్సు బల్లల్లోకి దిగాడు. 1826 ప్రాంతాల చెక్కకి బదులు రాయి వాడటం మొదలుపెట్టింది వాళ్ళే. చెక్క అయితే వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం వంగుతుంది. మన తలుపులు శ్రావణంలో పట్టేయడం చూస్తాంగా, అదే బాధ. రాయికి ఆ బాధ లేదు. కాని బరువో? బల్ల మొత్తం టన్ను పైమాటే. ఒక్కో పలకనీ నలుగురైదుగురు పట్టుకుంటే గాని కదలదు.

అంచులకి రబ్బరు వచ్చింది ఆ తరవాత. 1845లో విక్టోరియా రాణిగారికి రబ్బరు అంచుల బల్ల చేసి ఇచ్చారు. అక్కడి చలికి రబ్బరు బిగుసుకుపోయేదట. అందుకని ఆటకి ముందు వేణ్ణీళ్ళు పోసిన రేకు పాత్రలు అంచులకి ఆనించి వెచ్చబెట్టేవారు. మన విశాఖలో అయితే ఆ పాత్రలకి ఇంకే పనైనా చెప్పుకోవచ్చు!

మనకి బాగా అర్థమయ్యే సంగతి ఇంకోటుంది. ఆ పచ్చబనాతుని ఇస్త్రీ చెయ్యాలి! నిజమే. దానికి వేరే ఇస్త్రీపెట్టె, బరువైనది, ఉంటుంది. ముందు కుంచెతో నూగు ఎటు పడుకుందో అటే దువ్వి, తరవాత ఒక్కవైపుకే ఇస్త్రీ లాగాలి. ముందుకీ వెనక్కీ తోమితే బనాతు పాడైపోతుంది. పట్టుచీర మీద చెయ్యి ఎటు రాయాలో తెలిసిన మనకి ఇది వేరే చెప్పక్కర్లేదు. సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో బనాతు చెమ్మ పట్టి బంతి మందంగా దొర్లుతుంది కాబట్టి ఈ పని ఇంకా ఎక్కువ.

ఇక గోడ పక్కన క్యూ కర్రలు నిలబెట్టే చట్రం. గోడకి ఆటలెక్క చూపించే బోర్డు. పైన ఆరు గొడుగుల వరసదీపం. ఆటలో లేనివాళ్ళు కూచుని చూసేందుకు ఎత్తుబల్లలు. మామూలు కుర్చీలో కూచుంటే బల్ల అంచు అడ్డొచ్చి బంతులు సరిగ్గా కనపడవు. అందుకని ఆసనం ఎత్తుగా పెట్టి, కాళ్ళు ఆన్చుకోడానికి కింద ఒక మెట్టుపలక అమర్చేవారు. మా బల్ల ఎత్తు గుట్టు ఇదండీ. మెట్టుపలక ఊడిపోబట్టి మాకు కాళ్ళు వేలాడేవి!

ఈ సామానంతా మన దేశంలోకి సిపాయిల దండులతో, క్లబ్బులతో వచ్చింది. స్నూకరు పుట్టిందే మన దేశంలో. 1875లో జబల్పూరు దండులో నెవిల్ ఛాంబర్లేన్ అనే కుర్ర సైనికాధికారి బిలియర్డ్సు బల్ల మీద రంగు రంగుల బంతులు చేర్చి ఈ ఆట కల్పించాడంటారు. తరవాత ప్రధానమంత్రి అయిన ఛాంబర్లేన్ వేరే ఆయన లెండి. 1882లో ఊటీ క్లబ్బులో దీనికి నియమాలు రాసి గోడకి పెట్టారు. ఊటీ అప్పుడు మన మద్రాసు రాజధానిలోనిదే. మన వాల్తేరు క్లబ్బు ఆ మరుసటి సంవత్సరం, 1883లో వెలిసింది. దొరల్ని చూసి రాజులూ, నవాబులూ తమ బంగళాల్లో బిలియర్డ్సు గదులు కట్టుకున్నారు. తెలుగుదేశంలో ఇప్పటికీ చూడదగ్గది హైదరాబాదు ఫలక్‌నుమా. వికారుల్ ఉమ్రాగారు 1884లో మొదలుపెట్టి కట్టించుకున్న ఆ మేడ తరవాత ఆరో నిజాముగారి చేతికి వచ్చింది. అక్కడి బిలియర్డ్సు బల్ల లండను బరోస్ అండ్ వాట్స్ కంపెనీవారిది. దానికి జోడీ బల్ల బకింగ్‌హాం రాజభవనంలో ఉందని చెబుతారు. 2010 నుంచి ఫలక్‌నుమా హోటలుగా నడుస్తోంది. బల్ల మాత్రం ఉన్నచోటే ఉంది. ఆ గదిలోంచి ఆ బల్ల కదలలేదంటే కొంత దాని బరువే కాపాడిందేమో అని నా అనుమానం!

బల్ల సరే, బంతుల మాట వింటే మనసు చివుక్కుమంటుంది. వెనకటి మేలురకం బంతులు ఏనుగు దంతంతో చేసినవే. దంతం నడుమ సన్నటి నరపు గీత ఉంటుంది. ఆ గీత సరిగ్గా బంతి మధ్యగా పోతేనే బంతి తిన్నగా దొర్లుతుంది. అందుకని ఒక్కో దంతంలోంచి మంచి బంతులు నాలుగైదుకి మించి వచ్చేవి కావు. స్నూకరుకి ఇరవైరెండు బంతులు కావాలి. ఒక జట్టుకి ఎన్ని ఏనుగులో మీరే లెక్క వేసుకోండి. 1863లో అమెరికాలో ఒక బిలియర్డ్సు కంపెనీ, దంతానికి బదులు ఇంకేదైనా కనిపెట్టినవారికి పదివేల డాలర్ల బహుమానం ప్రకటించింది. జాన్ హయట్ అనే ఆయన ఆ పనిలో పడి సెల్యులాయిడు తయారుచేశాడు, 1870లో పేటెంటు తీసుకున్నాడు. మన ప్లాస్టిక్కు డబ్బాల వంశవృక్షం ఈ బిలియర్డ్సు బంతి దగ్గర మొదలవుతుందన్నమాట.

దంతం మాట వచ్చింది కనక, ఇక మన ఊరి సంగతికి వస్తాను. అసలు నేను చెప్పాలనుకున్నది ఇదే.

దొరలు ఇక్కడికి కుర్చీలూ బల్లలూ తెచ్చారని చెప్పానా? అంతకంటే ముందే మన విశాఖపట్నంనుంచి కుర్చీలూ బల్లలూ లండనుకి వెళ్ళాయి! ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవారు 1682లో విశాఖపట్నంలో బట్టల వ్యాపారానికి కొఠీ పెట్టారు. పక్కన భీమునిపట్నంలో డచ్చివారు. ఈ దొరలకి బీరువాలూ, రాతబల్లలూ, కుర్చీలూ కావలసివచ్చాయి. తమ దేశపు నమూనాలు ఇచ్చి ఇక్కడి కంసాలుల చేత చేయించుకున్నారు. నమూనా వాళ్ళది, కాని పనితనం మనది. రోజ్‌వుడ్డులో, టేకులో, నల్లచేవలో గాడులు తొలిచి, దంతపు ముక్కలు పూవుల్లా, లతల్లా పొదిగేవారు. దంతం పెగూ నుంచి, అంటే బర్మానుంచి, ఓడలమీద వచ్చేది. ఆ దంతం మీద సన్నటి గీతలు చెక్కి, ఆ గీతల్లో నల్లలక్క నింపి నున్నగా రుద్దేవారు. తెల్లని దంతం మీద కాటుకతో గీసినట్టు ఉండేది. అంచులమీద ఆ తీగలూ పూలూ ఎక్కడివనుకున్నారు? ఇక్కడి అద్దకం బట్టల అంచులవే. చీర అంచు బీరువా అంచు అయిందన్నమాట.

తరవాత్తరవాత శ్రీగంధపు చెక్కతో కుర్చీలూ పెట్టెలూ చేసి, చెక్క కనపడకుండా పైనంతా దంతపు రేకులు తాపడం చేయడం వచ్చింది. మద్రాసు గవర్నరుగా ఉన్న అలెగ్జాండరు వించ్ దొర దగ్గర ఇలాంటి కుర్చీలు ఉండేవి. ఆయన పోయాక 1781లో ఇంగ్లండులో ఆయన సామాను వేలం వేస్తే, మూడో జార్జి రాజు వాటిని కొని షార్లొట్ రాణికి ఇచ్చాడు. అవి ఇప్పటికీ అక్కడి రాజుగారి సొత్తులోనే ఉన్నాయి. ఎక్కడి విశాఖ, ఎక్కడి రాణి! లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్టు మ్యూజియంలో కూడా విశాఖపట్నం బీరువాలూ పెట్టెలూ ఉన్నాయి. అక్కడి పెద్ద వేలం కంపెనీల జాబితాల్లో "వైజాగపటం" అన్నమాట ఈనాటికీ ఒక సరుకు పేరు. మనం ఉప్పాడ చీర, బందరు లడ్డు అన్నట్టు వాళ్ళు "వైజాగపటం పెట్టె" అంటారు.

చేసినవారి పేరు మాత్రం చాలా పెట్టెల మీద కనపడదు. కొన్న దొర పేరు, అమ్మిన దొర పేరు, వేలం తేదీ, అన్నీ ఉంటాయి. సొరుగు పట్టుకుని చెక్కిన కంసాలి పేరు లేదు. చదువుతున్నకొద్దీ నాకు మనసులో గుచ్చుకున్న మాట ఇది.

పందొమ్మిదో శతాబ్దంలో పెద్ద బీరువాలు తగ్గి చిన్న పెట్టెలు ఎక్కువయ్యాయి. దారపుండలూ సూదులూ పెట్టుకునే కుట్టుపెట్టెలు, తేయాకు పెట్టెలు, పేకముక్కల పెట్టెలు, చదరంగం పలకలు. ఆటగదుల్లోకీ, ఆడవాళ్ళ గదుల్లోకీ ఇవే వెళ్ళాయి. దంతంతోపాటు దున్నకొమ్ము, తాబేటిచిప్ప, ఏదుపంది ముళ్ళు కూడా వాడేవారు. కొన్ని పెట్టెలు అచ్చు ఇల్లులా ఉంటాయి, పైకప్పు ఎత్తితే లోపల అరలు. అలాంటిదొకటి మా అమ్మమ్మ దగ్గర ఉండేది. మూత తీస్తే గంధపు వాసన వచ్చేది. పసుపుకొమ్ములూ, రవిక హుక్కులూ పెట్టుకునేది. మూత కీలు ఊడిపోయిందని, వీధిలో స్టీలుసామాన్లవాడు వస్తే మా పిన్ని నాలుగు పాతచీరలతో పాటు దాన్నీ ఇచ్చేసి ఒక టిఫిను క్యారేజీ పుచ్చుకుంది. ఆ క్యారేజీలో నేను కాలేజీకి అన్నం పట్టుకెళ్ళాను కూడా. పిన్నిని ఏమీ అనలేను. క్యారేజీ మాకు అవసరం, పెట్టె కాదు.

పెద్ద ఇళ్ళలో సామాను చెదిరిన కథ ఇంకోలా ఉంది. 1948లో మద్రాసు శాసనసభ ఎస్టేటుల రద్దు చట్టం చేసింది. జమీందారీలు పోయాయి. రైతుకి మంచే జరిగింది, అందులో నాకు రెండో మాట లేదు. కాని శిస్తు ఆదాయం ఆగిపోగానే బంగళాల పోషణ బరువైంది. ఇరవై గదుల ఇంట్లో ఒక కుటుంబం నాలుగు గదులకి సర్దుకుంది. మొదట అమ్మకానికి వచ్చేది ఏ గది అనుకున్నారు? పూజగది కాదు, వంటగది కాదు, బిలియర్డ్సు గదే. ఎవరికీ అక్కర్లేని గది అదే కదా! రాతిపలకలు విడదీశాక బల్లలోని మహాగని, టేకు చెక్కలు వడ్రంగుల చేతికి పోయి మంచాలూ తలుపులూ అయ్యాయి. కొన్ని సామాన్లు క్లబ్బులకి వెళ్ళాయి. కొన్ని మావారి తాతగారిలాంటివారు పాడుకున్నారు. మిగతావి మద్రాసు, కలకత్తా, బొంబాయి వ్యాపారుల లారీలెక్కాయి. దేశం దాటినవీ ఉన్నాయి.

దాటకుండా చట్టం వచ్చింది లెండి. 1972లో పురావస్తువుల చట్టం చేసి 1976 ఏప్రిల్ నుంచి అమల్లో పెట్టారు. నూరేళ్ళు దాటిన కళాఖండం దేశం బయటికి పంపే హక్కు ప్రభుత్వానిదే. అలాంటివి కొని అమ్మే వ్యాపారికి కేంద్ర పురావస్తుశాఖ లైసెన్సు ఉండాలి. ఇక దంతం సంగతి. మన దేశంలో ఏనుగు దంతం వ్యాపారం 1986లో, ఆఫ్రికా దంతం వ్యాపారం 1991లో నిషేధించారు. కాబట్టి దంతపు పెట్టె తాతలనాటిదైనా సరే, పాతదే కదా అని అమ్మడానికి వీల్లేదు. ఇంట్లో ఉంటే అటవీశాఖ కార్యాలయంలో అడిగి, కాగితాలు ఎలా ఉండాలో తెలుసుకోండి. ఇంగ్లండులో సైతం 2022 నుంచి దంతం అమ్మకాలు బాగా బిగించేశారు, గొప్ప కళాఖండాలకీ కొన్ని పాత వస్తువులకీ మాత్రమే మినహాయింపు. ఏనుగుల తరఫున చూస్తే ఎంతో అవసరం. మన కంసాలుల దంతపు పని మాత్రం మ్యూజియంలో చూడవలసిందే. ఆ నల్లలక్క మాట తలచుకున్నప్పుడల్లా నాకు ఏటికొప్పాక గుర్తొస్తుంది. మన దగ్గర వరాహనది ఒడ్డున కొయ్యబొమ్మలకి లక్క పట్టించే చేతులు ఇంకా ఉన్నాయి కదా.

దంతం లేని చెక్కసామాను మాటేమిటి అంటారా? మా మేనల్లుడు వచ్చి వెళ్ళాక ఊళ్ళో మాట పొక్కింది. ఒక వ్యాపారి మా ఇంటికొచ్చాడు. చాలా మర్యాదస్థుడు. "అమ్మా, పాతబల్ల, చెదలు పట్టేలా ఉంది, ఎందుకు? కొత్త సోఫా ఇస్తాను, ఇది ఇచ్చెయ్యండి" అన్నాడు. నేను తొందరపడకుండా కాఫీ ఇచ్చి కూచోబెట్టాను. అతను మాటల్లో బల్ల కిందకి వంగి వంగి చూస్తున్నాడు. దేనికోసం అని అడిగితే చెప్పలేదు. తరవాత నేనే కనుక్కున్నాను. కంపెనీ పేరున్న చిన్న ఇత్తడి బిళ్ళ ఏమైనా ఉందా అని వెతికాడన్నమాట. దాన్నిబట్టి ధర మారుతుంది. మరలు చేత్తో చేసినవయితే గాడి సరిగ్గా నడిమధ్యన ఉండదు. చెక్కకి చెక్క పళ్ళలా కూర్చిన చోట పళ్ళన్నీ ఒకే కొలతలో ఉంటే యంత్రం పని, కాస్త తేడాగా ఉంటే చేతిపని. కొత్తచెక్కకి టీ డికాషను పూసి పాతదని అమ్మేవాళ్ళూ ఉన్నారట, మనం కొనేటప్పుడు ఇది గుర్తుండాలి. అమ్మేటప్పుడు ఇంకో సంగతి. అందంగా ఉంటుందని పాతవస్తువుకి రాపిడి పెట్టించి కొత్త పాలిషు వేయించారా, దాని విలువ సగం అక్కడే పోయింది. నూరేళ్ళ చేతుల రాపిడికి వచ్చిన నునుపు ఏ డబ్బాలోనూ దొరకదు.

కాళ్ళు కోసేసిన బల్లకి విలువ ఎంత అని అడిగాను అతన్ని. నవ్వి ఊరుకున్నాడు. పాపం, అబద్ధమాడలేకపోయాడు. ఆ సోఫా మాట మళ్ళీ ఎత్తకుండా వెళ్ళిపోయాడు.

మొన్న ఆవకాయ రోజుల్లో జాడీలు తీసి అటక తుడిపిస్తున్నాను. జాడీల కింద వేసిన పొడుగాటి పలక, ఇన్నేళ్ళూ ఎవరూ పట్టించుకోనిది, నూనె జిడ్డుతో నల్లగా ఉంది. సోడా నీళ్ళతో కడిగితే మధ్యన చెప్పుల రాపిడికి అరిగిన రెండు పల్లాలు కనిపించాయి. బల్ల మెట్టుపలక అదే! పొడుగు కొలిస్తే సరిగ్గా సరిపోయింది. మా మేనల్లుడికి ఫోను చేస్తే ఎగిరి గంతేశాడు. "వడ్రంగిని పెట్టి కాళ్ళు అతికిద్దాం అత్తా, పాత టేకు నేను వెతికి తెస్తాను" అన్నాడు.

వరండాలో బల్ల మీద కూచుని మా అత్తగారు ఇదంతా విన్నారు. ఆవిడకి ఎనభై ఎనిమిదేళ్ళు. "కాపరానికొచ్చిన నాటినుంచి దీని మీద నా కాళ్ళు నేలకి ఆనలేదు. ఇప్పుడు ఆనుతున్నాయి. నేనున్నన్నాళ్ళూ దీన్ని ఎత్తు చెయ్యొద్దని చెప్పవే వాడికి" అన్నారు.

పలక కడిగి ఎండబెట్టి, బల్ల వెనక గోడకి నిలబెట్టి ఉంచాను.